ఆన్‌లైన్ గేముల్లో దుస్తుల రంగులు: చిక్కు ఎక్కడుంది?

జపాన్‌కు చెందిన స్క్వేర్ ఎనిక్స్ నడుపుతున్న ‘ఫైనల్ ఫాంటసీ 14’ అనే ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో 2013 నుంచి 2024 దాకా ఒక దుస్తుకు ఒకే రంగు వేయగలిగేవారు. అంగీని ఎరుపు చేయవచ్చు, నీలం చేయవచ్చు, కానీ అంగీని ఎరుపుగా ఉంచి అంచును మాత్రం మనకు నచ్చిన రంగులోకి మార్చుకోవడానికి వీలుండేది కాదు. 2024 వేసవిలో ‘డాన్‌ట్రెయిల్’ విస్తరణతో రెండో రంగు వేసే సౌకర్యం వచ్చినప్పుడు ఆటగాళ్లు ఎంత సంబరపడ్డారో, వాడి చూశాక కొందరు అంత నిట్టూర్చారు. పాత దుస్తులు చాలావాటికి రెండో రంగు వెంటనే రాలేదు. వచ్చినవాటిలోనూ కొన్నింటికి రెండో రంగు పడే చోటు ఒక పట్టీయో, ఒక సన్నటి అంచో మాత్రమే అయింది. ఇంత పెద్ద సంస్థకు ఒక్క రంగు అదనంగా చేర్చడానికి పదేళ్లకు పైగా ఎందుకు పట్టింది, చేర్చాక కూడా ఎందుకు పూర్తిగా కుదరలేదు అన్నది అర్థమైతే, ఏ గేమ్‌లోనైనా దుస్తుల రంగుల ఏర్పాటును ఎక్కడి నుంచి బాగుచేయాలో అర్థమవుతుంది. ఆటగాళ్ల కోరికల్లో సాధారణంగా ముందు వినిపించేది ‘ఇంకా రంగులు కావాలి’ అన్నది. నన్నడిగితే అది అన్నిటికన్నా చివర చేయాల్సిన పని.

బొమ్మలో కలిసిపోయిన రంగు

త్రీడీ పాత్ర తొడుక్కున్న అంగీ అంటే కంప్యూటర్‌కు ఒక ఆకారం, దాని చుట్టూ అతికించిన ఒక చదునైన బొమ్మ. ఈ బొమ్మను టెక్స్చర్ అంటారు. బట్ట రంగు, మడతల నీడ, కుట్టు, మరక అన్నీ అందులోనే ఉండవచ్చు. రంగు మార్చుకునే సౌకర్యం ఇవ్వాలంటే ఆ బొమ్మలో ఏది రంగు, ఏది నీడ అన్నది విడదీయగలగాలి. గీసేటప్పుడే విడదీసి పెట్టుకున్న గేముకు తర్వాతి పని సులువవుతుంది. కలిపి గీసేసిన గేముకు ఏళ్ల తరబడి తిప్పలు తప్పవు.

1997లో వచ్చిన ‘అల్టిమా ఆన్‌లైన్’ ఈ విడదీతను ముచ్చటైన పొదుపుతో చేసింది. అది టూడీ గేమ్. ఒక్కో వర్ణానికి ముదురు నుంచి లేత దాకా 32 ఛాయల వరుస ఉండేది, అలాంటి వరుసలు 3,000 దాకా ఒకే ఫైలులో పట్టేవి. ఆనాటి 16 బిట్ల రంగుల్లో ఎరుపుకైనా నీలానికైనా ఉన్న స్థాయిలు 32 కనుక లెక్క కూడా సరిపోయేది. చిత్రకారులు దుస్తును బూడిదరంగు ఛాయల్లో గీసేవారు. ఆటగాడు దానికి రంగు వేసినప్పుడు గేమ్ ఒక్కో బూడిద పిక్సెల్‌ను దాని వెలుగు స్థాయిని బట్టి వరుసలోని తగిన ఛాయతో మార్చేసేది. కొన్ని వస్తువులకైతే బూడిదగా ఉన్న పిక్సెళ్లు మాత్రమే మారాలన్న గుర్తు పెట్టేవారు, అందువల్ల గోధుమరంగులో గీసిన నడికట్టు అలాగే ఉండి, చుట్టూ ఉన్న బట్ట మాత్రమే రంగు మారేది. ఎక్కడ రంగు పడాలో చెప్పడానికి వేరే బొమ్మ ఏదీ అక్కర్లేకుండా బూడిదరంగే హద్దుగా పనిచేసింది.

2004లో వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ దీనికి పూర్తిగా అవతలి దారి పట్టింది. దాని కవచాల మీది మెరుపు, నీడ, లోహపు అంచు చాలావరకు చిత్రకారులు చేత్తో టెక్స్చర్‌లోనే వేసినవి. పసుపు కవచం మీద నీడ అంటే నల్లటి మసక కాదు, కాస్త నారింజ వైపు ఒరిగిన గోధుమ. మెరుపు అంటే తెలుపు కాదు, లేత నిమ్మపండు ఛాయ. ఆ గేమ్‌కు ఇన్నేళ్లయినా వాడిపోని అందం వచ్చింది ఇలాంటి పనివల్లే. కానీ అలాంటి బొమ్మ మీద యంత్రం ఏ రంగు వేసినా ఆ సూక్ష్మమంతా పోతుంది. అందుకే అక్కడ కవచానికి రంగు వేసుకునే సౌకర్యం లేకుండా, ఒకే కవచాన్ని సంస్థే నాలుగైదు రంగుల్లో తయారుచేసి వేర్వేరు కఠినతా స్థాయుల బహుమతులుగా ఇస్తూ వచ్చింది. 2011లో వచ్చిన ట్రాన్స్‌మాగ్ సౌకర్యం కూడా ఒక వస్తువుకు మరో వస్తువు రూపం ఇస్తుందే తప్ప దాని రంగును ముట్టుకోదు. దీన్ని లోపమని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు, అదొక బేరం. చేతిపని అందం తీసుకుని రంగుల స్వేచ్ఛ వదులుకున్నారు.

గుణకారంలో మునిగిపోయే రంగులు

త్రీడీ గేముల్లో రంగు వేయడానికి అతి తేలికైన పద్ధతి గుణకారం. కంప్యూటర్ ఏ రంగునైనా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు విలువలుగా, ఒక్కోదాన్ని 0 నుంచి 255 దాకా రాసుకుంటుంది. టెక్స్చర్‌లోని పిక్సెల్ విలువను, ఆటగాడు ఎంచుకున్న రంగు విలువను గుణించి 255తో భాగిస్తారు. అడుగు బొమ్మ లేత బూడిదగా ఉన్నంతసేపు ఇది చక్కగా పనిచేస్తుంది. అడుగున అప్పటికే ఒక రంగు ఉంటేనే చిక్కు వస్తుంది. ఒక తోలు చొక్కా పిక్సెల్ విలువ ఎరుపులో 150, ఆకుపచ్చలో 100, నీలంలో 50 అనుకుందాం, అంటే మామూలు గోధుమరంగు. దాని మీద 50, 80, 230 విలువలున్న మంచి నీలాన్ని వేస్తే వచ్చే ఫలితం 29, 31, 45. తెర మీద అది దాదాపు నలుపు. ఆటగాడు డబ్బు పెట్టి కొన్న నీలం ఎక్కడా కనిపించదు, ‘ఈ రంగు బాగోలేదు’ అనుకుని ఇంకో నీలం కొంటాడు, దానికీ అదే గతి. చలువ చేయని ముతక గుడ్డను అద్దకం తొట్టిలో ముంచినట్టే ఇదీ, తప్పు తొట్టిలోని రంగుది కాదు.

తెలుపు సంగతి మరీ విచిత్రం. గుణకారంలో తెలుపు అంటే 255, అంటే ఒకటితో గుణించడం. అడుగు బొమ్మ 160 దగ్గర ఉంటే తెల్లరంగు వేశాక కూడా 160 దగ్గరే ఉంటుంది. ఎంత తెల్లటి రంగు వేసినా అడుగు విలువను దాటి వెలుగు పెరగదు. అలాగని అడుగు బొమ్మను ముందే 240 దగ్గర గీస్తే మడతల నీడ చూపడానికి కావలసిన తేడా తగ్గిపోయి బట్ట సున్నం కొట్టిన గోడలా చప్పగా తయారవుతుంది. ‘ఫైనల్ ఫాంటసీ 14’లో ‘ప్యూర్ వైట్’, ‘జెట్ బ్లాక్’ అన్న రెండు రంగులు ఖరీదైనవిగా పేరు తెచ్చుకోవడానికి అందం ఒక్కటే కారణం కాదు. మామూలు రంగుల జాబితాలో ఉన్న తెలుపు ఎప్పుడూ కొంచెం బూడిద వైపో, మీగడ వైపో ఒరిగి ఉంటుంది. నిజమైన తెలుపు, నిజమైన నలుపు దొరకడం అంత సులువు కాదని ఆటగాళ్ల కంటికి తెలుసు.

గుణకారం బదులు వర్ణచక్రాన్ని తిప్పే పద్ధతి ఇంకొకటి ఉంది. వర్ణం, గాఢత, వెలుగు అని మూడు కొలతలుగా రంగును విడగొట్టి వర్ణాన్ని మాత్రమే మార్చడం దీని సూత్రం. అడుగున గోధుమరంగు ఉన్నా నీలం నీలంగానే వస్తుంది కనుక గుణకారం కన్నా మేలే. కాకపోతే కంటికి ఆ చక్రం సమానంగా తోచదు. కంప్యూటర్ లెక్కలో స్వచ్ఛమైన పసుపు, స్వచ్ఛమైన నీలం రెండూ నిండు వెలుగు ఉన్న రంగులే, కానీ తెరల ప్రమాణం ప్రకారం పసుపు మన కంటికి తెలుపులో 93 శాతం వెలుగుతో కనిపిస్తే, నీలం 7 శాతం వెలుగుతోనే కనిపిస్తుంది. పసుపు అంగీ వర్ణాన్ని నీలం వైపు తిప్పగానే మడతలు, కుట్లు అన్నీ చీకట్లో కలిసిపోవడానికి కారణం ఈ తేడాయే. కంటి అనుభవాన్ని లెక్కలోకి తీసుకునే కొత్త వర్ణ నమూనాలు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి, ప్రతి పిక్సెల్‌కూ నాలుగు లెక్కలు ఎక్కువ చేయడం ఇప్పటి గ్రాఫిక్స్ కార్డులకు భారమూ కాదు.

ఇక్కడ 2012లో ఎరీనానెట్ విడుదల చేసిన ‘గిల్డ్ వార్స్ 2’ పనితనాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఆ సంస్థ తన రంగుల సమాచారాన్ని ప్రోగ్రామర్లకు బహిరంగంగా అందిస్తుంది. అందులో ఒక్కో రంగుకు గుడ్డ, తోలు, లోహం అని వేర్వేరు పద్దులు కనిపిస్తాయి, ఒక్కో పద్దులో వెలుగు, కాంట్రాస్ట్, వర్ణం, గాఢత విలువలు విడివిడిగా ఉంటాయి. ‘స్కై’ అనే ఆకాశనీలాన్నే తీసుకుంటే మూడింటికీ వర్ణం 196 డిగ్రీలే. గాఢత మాత్రం గుడ్డకు సుమారు 0.74, తోలుకు 0.66, లోహానికి 0.55. 128, 26, 26 అనే మసక ఎరుపును ఆరంభంగా పెట్టుకుని లెక్క వేస్తే గుడ్డ మీద 54, 130, 160, లోహం మీద 65, 123, 146 వస్తాయి. ఒకే పేరున్న రంగు లోహం మీద కొంచెం వెలిసినట్టు, గుడ్డ మీద నిండుగా ఉండాలని ఎవరో కూర్చుని వందల రంగులకు నిర్ణయించారన్నమాట. ఆటగాడికి ఈ అంకెలేవీ కనిపించవు. టోపీకీ, కవచానికీ, బూట్లకూ ఒకే రంగు వేస్తే మూడూ ఒకే జతలా కుదిరాయని మాత్రం తెలుస్తుంది.

లోహానికి వేరే లెక్క ఎందుకంటే, ఇప్పటి గేములు వాడే భౌతిక కాంతి పద్ధతిలో గుడ్డకు రంగు దాని ఒంట్లోంచి చెదిరి వచ్చే వెలుతురు వల్ల వస్తుంది, లోహానికి రంగు దాని మీద పడి తిరిగొచ్చే ప్రతిబింబం వల్ల వస్తుంది. నీలం వేసిన గుడ్డ సాయంత్రపు ఎండలో కాస్త మందగించినా నీలంగానే ఉంటుంది. నీలం వేసిన ఉక్కు మాత్రం నారింజ ఆకాశాన్ని ప్రతిబింబించాల్సి వచ్చి, రెండు రంగులూ ఒకదాన్నొకటి మింగేసి నల్లబడుతుంది. ఒకే విలువను రెండింటికీ గుడ్డిగా పంపే గేముల్లో బట్టకూ కవచానికీ జత కలవకపోవడం అందుకే.

హద్దులు గీసేదెవరు?

అసలైన బరువు ఇక్కడుంది. ఏ పిక్సెల్‌కు మొదటి రంగు, ఏ పిక్సెల్‌కు రెండో రంగు అన్నది చెప్పడానికి టెక్స్చర్ పక్కన మరో బొమ్మ కావాలి. దీన్ని మాస్క్ అంటారు. మాస్క్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలను ఒక్కో చానెల్‌కు, అంటే విడిగా రంగు వేయగల ఒక్కో భాగానికి, హద్దుగా వాడుకోవచ్చు. ‘గిల్డ్ వార్స్ 2’లో ఒక కవచ భాగానికి నాలుగు చానెళ్ల వరకు ఉంటాయి. ‘ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్’లో మూడు. ‘వార్‌ఫ్రేమ్’లో బట్టతో పాటు మెరిసే దీపాలకూ, శక్తి కిరణాలకూ వేర్వేరు చానెళ్లున్నాయి.

‘ఫైనల్ ఫాంటసీ 14’ కథ ఇంకాస్త భిన్నం. దాని ఫైళ్లను విప్పి చూసే మాడర్లకు తెలిసిన సంగతి ఏమిటంటే, అక్కడ ఒక్కో మెటీరియల్‌కు, అంటే దుస్తు ఉపరితలానికి, ఒక రంగుల పట్టిక ఉంటుంది, పిక్సెల్ తాను పట్టికలో ఏ వరుసకు చెందుతుందో చెబుతుంది, రంగు వేసినప్పుడు ఏ వరుస మారాలో ఆ వరుసకే గుర్తు ఉంటుంది. మొదట్లో ఆ పట్టికకు 16 వరుసలు, ‘డాన్‌ట్రెయిల్’తో 32 అయ్యాయి. వరుసలు పెంచడం ప్రోగ్రామర్ల పని, ఒకసారి చేస్తే అయిపోతుంది. పదేళ్లలో పోగుపడిన వేల దుస్తుల్లో ఒక్కొక్కదాన్ని తెరిచి, ఏ భాగం రెండో రంగుకు వెళ్లాలో నిర్ణయించి, అన్ని జాతుల పాత్రల మీదా, ఆడ మగ ఆకారాల మీదా సరిచూడటం మనుషులు కూర్చుని చేయాల్సిన పని. ఒక్కో దుస్తుకు ఒక్క గంటే పట్టిందనుకున్నా వెయ్యి దుస్తులకు వెయ్యి గంటలు. మొదట గీసిన చిత్రకారుడు బట్టనూ దాని మీది అల్లికనూ ఒకే వరుసలో పెట్టేసి ఉంటే, రెండో రంగు చేర్చడమంటే ఆ బొమ్మను మళ్లీ గీయడమే. సన్నటి అంచుకు మాత్రమే రెండో రంగు దక్కిన దుస్తుల వెనక ఇలాంటి ఇరుకే ఉందని నా ఊహ.

మాస్క్‌లకు మరో ఇబ్బంది కూడా ఉంది. 1024 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న నాలుగు పొరల మాస్క్ కుదించకపోతే 4 మెగాబైట్లు, ఇప్పటి మంచి కుదింపుతో 1 మెగాబైట్. ఒక ఊరి కూడలిలో వందమంది ఆటగాళ్లు వేర్వేరు దుస్తుల్లో నిలబడితే ఒక్కొక్కరికి ఐదారు భాగాల చొప్పున మాస్క్‌లకే అర గిగాబైటు దాటుతుంది. అందుకని మాస్క్‌ను సగం కొలతకు తగ్గిస్తారు. తగ్గించిన మాస్క్‌ను నాలుగేసి పిక్సెళ్ల చదరాలుగా కుదించినప్పుడు హద్దులు చెదిరి, ఎర్ర అంగీ రంగు తెల్ల కాలరు మీదికి ఒక గీతలా ఒలుకుతుంది. దూరం నుంచి కనిపించకపోయినా, తన పాత్ర ఫొటో తీసుకునే ఆటగాడు ఆ గీతను మాత్రం కచ్చితంగా చూస్తాడు.

చానెళ్ల సంఖ్య కన్నా నాకు ముఖ్యమనిపించేది వాటి క్రమం. అంగీలో మొదటి చానెల్ అంటే బట్ట, బూట్లలో మొదటి చానెల్ అంటే బకిల్, చేతి తొడుగుల్లో మొదటి చానెల్ అంటే లోపలి అస్తరు అయినప్పుడు ‘అన్నిటికీ ఇదే రంగు వేయి’ అన్న బటన్ ఉన్నా ప్రయోజనం లేదు. మొదటిది ఎప్పుడూ పెద్ద బట్ట, రెండోది తోలు, మూడోది లోహం, నాలుగోది అలంకారం అన్న నియమాన్ని చిత్రకారులంతా మొదటి రోజు నుంచి పాటిస్తే, రెండు చానెళ్లున్న గేమ్ కూడా నాలుగున్న గేమ్ కన్నా హాయిగా ఉంటుంది. దీనికి కొత్త సాంకేతికత ఏదీ అక్కర్లేదు, ఒక పేజీ నియమావళి, దాన్ని పట్టుకుని వేళ్లాడే ఒక మనిషి ఉంటే చాలు.

ప్రివ్యూ విషయం చిన్నదే అయినా చిరాకు పెద్దది. చాలా గేములు దుస్తుల తెరలో పాత్రను ముదురు నేపథ్యం ముందు, అందంగా కుదిర్చిన దీపాల కింద చూపిస్తాయి. బయట ఎడారిలో మిట్టమధ్యాహ్నపు ఎండలో అదే రంగు పాలిపోతుంది, గుహలో అసలు కనిపించదు. ఎండ, నీడ, రాత్రి అని మూడు వెలుతురులను మార్చి చూసుకునే బటన్ ఇస్తే ఆటగాళ్లు వృథాగా కొనే రంగులు చాలావరకు తగ్గుతాయి. బహుశా అది తయారుకాకపోవడానికి కారణం కూడా అదేనేమో.

రంగుకు వెల

ఎంతో మంది అడిగే ప్రశ్న ఒకటుంది: ఫొటో ఎడిటింగ్ యాప్‌లో ఉన్నట్టు కోటిన్నరకు పైగా రంగుల చక్రాన్నే ఆటగాడి చేతికి ఇచ్చేస్తే పోలేదా? సర్వర్ మీద భారం పడుతుందన్నది దీనికి తరచుగా వినిపించే జవాబు. లెక్క చూస్తే అది నిలబడదు. పాత్రకు పది భాగాలు, భాగానికి నాలుగు చానెళ్లు అనుకుంటే, జాబితాలోని రంగు సంఖ్యను రెండు బైట్లలో పంపితే 80 బైట్లు అవుతుంది, పూర్తి రంగు విలువను మూడు బైట్లలో పంపితే 120. వందమంది ఉన్న కూడలికి తేడా 4,000 బైట్లు, ఒక చిన్న ఫొటోలో పదో వంతు కూడా ఉండదు. అసలు కారణాల్లో ఒకటి గౌరవించదగ్గది: చీకటి యుగపు కోటలో అందరూ మిణుగురు గులాబీ రంగు కవచాల్లో తిరిగితే కళాదర్శకుడు కట్టిన లోకం చెదిరిపోతుంది. రెండోది డబ్బు. జాబితా ఉంటేనే అందులో కొన్నిటిని అరుదుగా ఉంచి అమ్మగలరు, బహుమతిగా ఇవ్వగలరు.

అమ్మకం తప్పని నేను అనను, ఏది అమ్ముతున్నారన్నదే అసలు విషయం. 2005 నాటి మొదటి ‘గిల్డ్ వార్స్’లో నల్లరంగు సీసా ఆటగాళ్ల బజారులో బంగారంతో సమానంగా చెలామణి అయ్యేది, అది ఆటలో ఒక సరదా. రంగును ఒకసారి వాడితే ఖర్చయిపోయే సరుకు చేసినప్పుడు సంగతి మారుతుంది. 2017 సెప్టెంబరులో ‘డెస్టినీ 2’ విడుదలైనప్పుడు, మొదటి గేమ్‌లో ఎన్నిసార్లయినా వాడుకోగలిగిన షేడర్లను, అంటే కవచానికి వేసే రంగుల పొందికలను, ఒక్కసారి వాడకానికి పరిమితం చేశారు. కవచంలో ఒక్కో భాగానికి ఒక్కో షేడర్ ఖర్చయ్యేది, మనసు మారితే పోయినట్టే. ఆటగాళ్లు భగ్గుమన్నారు, తర్వాతి ఏళ్లలో ఆ గేమ్ తయారుచేసిన బంజీ సంస్థ ఆ పద్ధతిని మార్చి షేడర్లను మళ్లీ ఎన్నిసార్లయినా వాడుకునే వీలు కల్పించింది. ‘ఫైనల్ ఫాంటసీ 14’లో రంగు వేసిన ప్రతిసారీ ఒక సీసా ఖర్చవుతూ వచ్చిన పద్ధతి మీద రెండో చానెల్ వచ్చి పడేసరికి, ఒక దుస్తు మీద ఖర్చు కూడా రెట్టింపయింది.

‘గిల్డ్ వార్స్ 2’ దీనికి ఎదురు దిశలో నడిచింది. మొదట్లో ఒక రంగును నేర్చుకుంటే ఒక్క పాత్రకే దక్కేది, 2014 ఏప్రిల్‌లో వచ్చిన మార్పుతో ఖాతాలోని అన్ని పాత్రలకూ దక్కడం మొదలైంది. సంస్థ అరుదైన రంగులు అమ్మడం మానలేదు, కానీ కొన్న రంగును రోజుకు వందసార్లు మార్చి వేసినా పైసా ఖర్చు లేదు. ‘ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్’ ఇంకో దారిలో, ఆటలో సాధించిన ఘనకార్యాలకు గుర్తుగా రంగులు ఇస్తుంది. ఫలానా రంగు వేసుకున్నవాడిని చూస్తే వాడు ఏం చేసి వచ్చాడో తెలిసినవాళ్లకు తెలుస్తుంది. ఈ రెండు పద్ధతుల్లోనూ అరుదైన వస్తువు విలువ నిలిచింది, ప్రయోగం చేసే చేయి మాత్రం కట్టేయలేదు. రంగుల ఎంపిక అంటేనే తప్పుగా వేసి, తీసి, మళ్లీ వేసి చూడటం కనుక, ప్రతి ప్రయత్నానికీ వెల కట్టే గేమ్‌లో జనం రెండు మూడు క్షేమమైన రంగుల దగ్గరే ఆగిపోతారు. అలాంటి చోట జాబితాకు ఇంకో వంద రంగులు చేర్చినా కూడలిలో కనిపించేది నలుపూ తెలుపే.

పాత గేమ్‌ను బాగుచేయాలనుకునే సంస్థకు పని ఎక్కడ మొదలుపెట్టాలన్న సందేహం ఉండనక్కర్లేదు. ఏ దుస్తును ఎంతమంది తొడుక్కున్నారో, ఎవరు ఏ దుస్తుకు ఎన్నిసార్లు రంగు మార్చారో, వేసిన రంగును వెంటనే ఏ దుస్తు మీంచి తీసేశారో సర్వర్‌లో ఉండే సమాచారమే. రంగు వేసిన పది నిమిషాల్లోపే తీసేసిన దుస్తుల జాబితా తీస్తే, అడుగు బొమ్మ చెడిపోయినవీ, హద్దులు తప్పుగా గీసినవీ చాలావరకు అందులోనే దొరుకుతాయి. అందులో ఎక్కువమంది తొడుక్కునే 50 దుస్తుల మాస్క్‌లను మొదట తిరిగి గీసి, అడుగు బొమ్మను లేత బూడిదకు తెచ్చి విడుదల చేస్తే, ఒక్క కొత్త రంగు కూడా చేర్చకుండానే ఆటగాళ్లు తమ దగ్గర ఇప్పటికే ఉన్న నీలాన్ని నీలంగా చూడగలుగుతారు.